ఒక కడుపు, రెండు తుపాకులు

పాలేరు ఆయకట్టు రైతులారా, కుసుమంచి మండలం పెద్దలారా, అక్కలారా, చెల్లెళ్లారా, బడిపంతుళ్లారా!

2019 జూలై చివరలో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా అడవిలో ఎదురుకాల్పులు జరిగాయి. పోలీసు బృందంతో నడుస్తున్నవాళ్లలో ఒకడు ఒకప్పటి మావోయిస్టు. 2018లో లొంగిపోయి పోలీసుల్లో చేరాడు. చెట్ల అవతల ఉన్న దళంలో అతని తోడబుట్టింది ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి, ఒకే పార్టీలో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు. ఆ రోజు మాత్రం ఒకరి తుపాకికి ఒకరు ఎదురుపడ్డారు. ఇద్దరు మావోయిస్టులు చనిపోయారు, ఆమె తప్పించుకుంది. రాఖీ పండుగ దగ్గర్లో ఉండటంతో పత్రికలకు అదొక పండుగ కథ అయింది. చదివినవాళ్లు అయ్యో అనుకున్నారు. మర్నాడు పేపరు పొట్లాం కట్టడానికి పోయింది.

ఆ కథతో మనకేం పని అంటారా? ఆ సుక్మా జిల్లా కొంటాలో బయలుదేరినవాడు చింతూరు, భద్రాచలం మీదుగా ఖమ్మం చేరతాడు. ఖమ్మంలో సూర్యాపేట రోడ్డెక్కితే మన ఊరే. జనవరి వచ్చిందంటే అదే దారిన ఆటోల్లో, ట్రాలీల్లో మూటాముల్లెతో వచ్చి మన జిల్లా చేలల్లో మిరపకాయలు ఏరేది ఎవరు? ఖమ్మం యార్డులో తేజ రకం బస్తాలు కొండలా పేరుకుంటే, చైనా దాకా ఎగుమతి అవుతుంటే మనం రొమ్ము విరుచుకుంటాం. ఆ బస్తాల్లో సగం కష్టం సుక్మా, బీజాపూర్ పల్లెలది. చేను గట్టు మీద పట్టా కట్టుకుని నెలల తరబడి ఉండే ఆ మనుషుల్ని మనం పేరడిగి ఎరుగుదుమా? మేస్త్రీని అడుగుతాం, ఎంతమందిని తెచ్చావని.

వాళ్ల ఇళ్లు ఎలా చీలాయో వినండి. 2005 జూన్‌లో బీజాపూర్ వైపు మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊరి జనం రోడ్డు పక్క శిబిరాలకు రావాలన్నారు, రానివాళ్లను నక్సలైట్ల మనుషులన్నారు. ఊళ్లు తగలబడ్డాయి. శిబిరాలకు పోయినవాళ్లనేమో అవతలివాళ్లు ద్రోహులన్నారు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు పడి ముప్పై మందికి పైగా చంపారు. ఇటు పోతే వాళ్లు, అటు పోతే వీళ్లు. ఊరు మండిన రాత్రి శిబిరం వైపు పరుగెత్తినవాడికి ప్రభుత్వం స్పెషల్ పోలీస్ ఆఫీసర్ అని పేరు పెట్టి, నెలకు 3,000 రూపాయల దాకా ఇచ్చి, చేతికి తుపాకి ఇచ్చింది. అలాంటివాళ్లు ఒక దశలో 6,500 మంది అయ్యారు. అయిదో తరగతి చదివితే చాలన్నారు. అడవి వైపు పరుగెత్తినవాడికి దళం అన్నం పెట్టి తుపాకి ఇచ్చింది. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఎవరు ఏ సిద్ధాంతం చదివి పక్క తేల్చుకుంటారు చెప్పండి! తమ్ముడు ఎడమకు తిరిగాడు, అక్క కుడికి తిరిగింది. ఎటు తిరిగినా ఆకలే, భయమే తరిమింది. తర్వాత యూనిఫాం వచ్చింది. తర్వాత పగ వచ్చింది. అన్నీ అయ్యాక సిద్ధాంతం వచ్చింది.

2011 జూలై 5న సుప్రీంకోర్టు దీని మీద తీర్పు చెప్పింది. ధర్మాసనంలో జస్టిస్ సుదర్శన్ రెడ్డి మన తెలుగువాడే. ఆదివాసీ పిల్లలకు తుపాకులిచ్చి ముందుకు తోయడం రాజ్యాంగ విరుద్ధమని, ఆపెయ్యాలని ఆదేశించారు. మావోయిస్టుల చేతుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న యువకులను తీసుకుంటున్నామని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటే, వాళ్ల కడుపుమంటను ఆయుధంగా వాడుకోవడం అమానుషమని కోర్టు మండిపడింది. ఆ తీర్పు మొత్తంలో నాకు గుచ్చుకున్నది అదే. అన్న చచ్చిన దుఃఖాన్ని తమ్ముడి చేతిలో తుపాకిగా మార్చడం ఒక ప్రభుత్వ పథకం అయిందంటే, ఆ దేశపు పౌరులుగా మనం ఆ ఏళ్లల్లో ఏం చేస్తున్నట్టు? తీర్పు వచ్చాక ఆ పిల్లల్నే వేరే పేరుతో పోలీసుల్లో కలిపేశారు, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా ఇద్దరి కథ చెప్పాను. మూడోవాళ్లు ఉన్నారు. పత్రికల్లో వాళ్ల ఫొటో రాదు, ఎందుకంటే వాళ్ల చేతిలో తుపాకి లేదు. శిబిరానికీ పోక, దళంలోనూ చేరక, పిల్లల్ని చంకనేసుకుని ఇటు నడిచొచ్చినవాళ్లు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, పినపాక అడవుల్లో గుడిసెలు వేసుకుని బతుకుతున్న గుత్తి కోయలు వాళ్లే. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకరు పోలీసు, ఒకరు దళం అయితే, మూడో తోబుట్టువు మన చేలో మిరపకాయ ఏరుతోంది. ఆ ముగ్గురిలో తుపాకి వద్దనుకున్నది ఆమె ఒక్కతే. ఆ ఒక్కతెకి మనం ఏమిచ్చాం?

అక్కడ ఎస్టీ అయినవాళ్లు ఇక్కడ ఏ కులమూ కాదు. గుడిసె వేస్తే ఫారెస్టువాళ్లు పీకుతారు. పోడు కొడితే కేసు. అటవీ హక్కుల చట్టం 2006లో మూడో సెక్షన్ కింద, పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమి పొందే హక్కు ఉంది. కానీ అది 2005 డిసెంబరు 13కు ముందు వెళ్లగొట్టబడ్డవాళ్లకే. మంటలు రేగింది ఆ ఏడు జూన్ నుంచి, ఆ తర్వాత ఏళ్లల్లోనూ ఆరలేదు. అంటే ఆ శీతాకాలానికి ముందు పారిపోయిన అన్నకు చట్టంలో ఒక వరుస ఉంది, మరుసటి ఎండాకాలంలో పారిపోయిన తమ్ముడికి అదీ లేదు. ఉన్న అన్నకైనా, ఇల్లు కాలిన తేదీకి రసీదు ఎవరిస్తారు?

2020 లాక్‌డౌన్ గుర్తుందా? ములుగు జిల్లాలో మిరప చేలకు కూలికొచ్చిన బీజాపూర్ పిల్ల ఒకతె, పన్నెండేళ్లది, పని ఆగిపోయాక తోటివాళ్లతో కలిసి ఇంటికి నడక మొదలుపెట్టింది. రోడ్డున పోతే పోలీసులు ఆపుతారని అడవి దారి పట్టారు. మూడు రోజులు నడిచారు, నూరు కిలోమీటర్లకు పైనే. ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా ఏప్రిల్ 18న ఆ పిల్ల చనిపోయింది. చనిపోయాక దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. నేనడిగేది అంతకు ముందు సంగతి. పన్నెండేళ్ల పిల్ల ఫిబ్రవరిలో బడిలో ఎందుకు లేదు? మిరప చేలో ఎందుకు ఉంది? ఆ చేను మనది కాకపోవచ్చు. అలాంటి చేలు మనవి ఎన్ని లేవు?

మనకు వలస కొత్తా? ఇళ్లలో ముసలివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే అడగండి. 1947-48లో రజాకార్లు ఊళ్ల మీద పడితే, ఖమ్మం, సూర్యాపేట తాలూకాల జనం పిల్లాపాపలతో రాత్రికి రాత్రి నిజాం సరిహద్దు దాటారు. మునగాల పరగణా, జగ్గయ్యపేట, నందిగామ వైపు ఊళ్లే ఆశ్రయమిచ్చాయి. అక్కడివాళ్లు గంజి పోశారు, పశువుల కొట్టాల్లో చోటిచ్చారు. నువ్వు ఎవరి మనిషివి, నీ తమ్ముడు ఏ దళంలో ఉన్నాడు, నీ కుల ధ్రువీకరణ పత్రం ఏదని నిలదీసి ఉంటే మన సంగతి ఏమయ్యేది? పోలీసు చర్య అయ్యాక సైన్యం కమ్యూనిస్టు దళాల వెంటపడింది. దళాలు గోదావరి అడవుల్లోకి పోయాయి. అప్పుడు ఆ అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి కాపలా శిబిరాల్లో కుక్కారు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఆ శిబిరాల సంగతి వివరంగా ఉంది. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. మైదానం మనుషులం మనం ఇళ్లకొచ్చాం, ఎన్నికల్లో నిలబడ్డాం, ఎమ్మెల్యేలం అయ్యాం, తామ్రపత్రాలు తీసుకున్నాం, స్తూపాలు కట్టుకున్నాం. ఆ కోయవాళ్ల పేర్లు మన స్తూపాల మీద ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. యాభై ఏళ్ల తర్వాత అదే అడవికి ఆనుకుని అదే పద్ధతి మళ్లీ వచ్చింది. ఊళ్లు ఖాళీ చేయించడం, శిబిరాలు. ఈ పాత బాకీ మన పద్దులోనే ఉంది.

రెండు పక్కలనూ ఒకే గుండెలో పెట్టుకోవడం మనకు చేతకాని పని కూడా కాదు. మన ఊరి గర్వం గణపేశ్వరాలయం, కాకతీయుల గుడి. అంత పెద్ద శివలింగం చూపించి చుట్టాల ముందు మురిసిపోతాం. రెండేళ్లకోసారి బెల్లం తూకం వేసుకుని మేడారం పోతాం. మేడారంలో మొక్కేది ఎవరికి? ఆ కాకతీయుల సైన్యంతో పోరాడి పోయిన సమ్మక్కకు, సారలమ్మకు. శివరాత్రికి ఇక్కడ పొర్లుదండాలు, మాఘంలో అక్కడ నిలువెత్తు బంగారం. కుసుమంచి వాడు ఎవడూ ఇందులో తేడా ఉందని తికమకపడలేదు. రాజు గుడీ మనదే, రాజుతో కొట్లాడిన తల్లీ మనదే. ఏడు వందల ఏళ్ల కిందటి రెండు పక్కలను ఇంత సులువుగా కలుపుకున్నవాళ్లం, ఇరవై ఏళ్ల కిందట చీలిన అక్కాతమ్ముళ్ల దగ్గర మాత్రం తూకం పట్టుకుని కూర్చోవడం ఏమిటి?

మీ మనసులో ఉన్న మాట నాకు తెలుసు. బెండాలపాడు. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలంలో, మొక్కల ప్లాంటేషన్ దగ్గర, రేంజి ఆఫీసర్ శ్రీనివాసరావును నరికి చంపారు. ఆయన మన ఖమ్మం బిడ్డ, డ్యూటీ చేస్తూ పోయాడు. చంపినవాళ్లు గుత్తి కోయలు. నేను దాన్ని మెత్తగా చెప్పను. మరుసటి ఏడు కోర్టు ఇద్దరికి జీవితఖైదు వేసింది, వేయాల్సిందే. కానీ హత్య జరిగిన వారంలోపే ఆ పంచాయతీ ఏం తీర్మానించింది? గుత్తి కోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు తిప్పి పంపాలని. ఇద్దరు చేసిన నేరానికి పాలు తాగే పిల్లతో సహా గూడెం మొత్తం వెళ్లిపోవాలట. ఎక్కడికి? కాలిన ఊరికి. అక్కడ వాళ్లకోసం ఎదురుచూస్తున్నది మళ్లీ ఆ రెండు తుపాకులే కదా! అడవి నరకడం ఆపాలంటే నరకకుండా బతికే దారి ఒకటి ఉండాలి. ఆ దారి వేయకుండా గొడ్డలి పట్టుకున్న చేతిని తిడితే అడవీ మిగలదు, ఆఫీసరూ మిగలడు.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా అరుస్తున్నానంటే, కాలం మారింది. 2025లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దున కర్రెగుట్టలు బలగాల దాడులతో దద్దరిల్లాయి. ఆ మే నెలలో మావోయిస్టు అగ్రనేత నంబాల కేశవరావు చనిపోయారు, అక్టోబరులో మరో అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధం అప్పగించారు. ఆయన అన్న కోటేశ్వరరావు 2011 నవంబరులో బెంగాల్ అడవిలో చనిపోయారు. పెద్దపల్లిలోని ఆ ఇంటి సంగతి దేశమంతటికీ తెలుసు. భద్రాద్రి కొత్తగూడెం పోలీసుల ముందు ‘ఆపరేషన్ చేయూత’ పేరిట వరుసగా లొంగిపోయిన చిన్నచిన్న సభ్యుల ఇళ్ల సంగతి ఎవరికీ తెలియదు. తక్షణ సాయం అని 25,000 రూపాయలు చేతిలో పెడతారు, ఫొటో తీస్తారు. ఆ మర్నాడు? ఊరికి పోలేరు. ఇక్కడ ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. పనికి పోతే పక్కవాడు దూరం జరుగుతాడు. అటువైపు యూనిఫాం వేసుకున్న తమ్ముడిదీ ఇదే గతి. యుద్ధం అయిపోయాక అతనితో ఎవరికి పని? అక్క లొంగిపోయింది, తమ్ముడు తుపాకి దించాడు. ఇద్దరూ కూర్చుని అన్నం తినడానికి ఒక అరుగు కావాలి. ఆ అరుగు సుక్మాలో ఇంకా కట్టలేదు. ఇక్కడ మూడో తోబుట్టువు గుడిసె ఉంది కదా, అక్కడ ఎందుకు కాకూడదు? మిరపకాయలు ఏరడానికి వచ్చిన అక్క దగ్గరికి లొంగిపోయిన చెల్లెలు రావడానికి జంకకూడదు. వస్తే ఊరు పోలీసు స్టేషన్‌కు ఫోన్ కొట్టకూడదు.

దక్షిణ కొరియా వాళ్లు ఒక పని చేశారు. 1950-53 యుద్ధంలో విడిపోయిన అన్నాచెల్లెళ్ల కోసం 1983 జూన్ 30న అక్కడి కేబీఎస్ టెలివిజన్ ఒక్క రాత్రి కార్యక్రమంగా మొదలుపెడితే, అది 138 రోజులు సాగింది. స్టూడియో బయట గోడలన్నీ, వీధులన్నీ జనం అతికించిన కాగితాలతో నిండిపోయాయి. పది వేలకు పైగా కుటుంబాలు తిరిగి కలుసుకున్నాయి. టీవీ కలిపింది అంటారు గానీ, ఆ కాగితాలు అతికించినవాళ్లు, రాత్రిళ్లు చదివి సమాచారం అందించినవాళ్లు మామూలు జనం. మనం అచ్చం అలాగే చేయలేం, చేయకూడదు కూడా. పేర్లు గోడకెక్కితే ఇక్కడ ప్రాణాల మీదికి వస్తుంది. కానీ ఆ పట్టుదల తెచ్చుకోవచ్చు.

కాబట్టి రైతులారా, మొదట మీతో. ఈ ఏడు మీ చేలోకి వచ్చే ప్రతి ముఠాలో పిల్లలు ఎంతమందో మీరే లెక్కపెట్టుకోండి. పద్నాలుగేళ్లలోపు పిల్ల చేతికి గంప ఇవ్వొద్దు. మేస్త్రీ చేతికి సొమ్ము పోసి చేతులు దులుపుకోకండి, తూకం వాళ్ల ముందు వేసి కూలి వాళ్ల చేతికే ఇవ్వండి. పట్టా గుడిసెకు ఒక బల్బు, తాగే నీళ్లు, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి చార్జింగు. ఇవి మీకు ఒక బస్తా ఖర్చు కూడా కాదు. తేజ క్వింటా ధర బాగున్న ఏడు ఇచ్చి, పడిపోయిన ఏడు మానేసేవి కావు ఇవి.

పంతుళ్లారా, మీ చేతిలో చట్టం ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో నాలుగో సెక్షన్ ఏం చెబుతోంది? బడి మానేసిన పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని. పద్నాలుగో సెక్షన్ ప్రకారం వయసు కాగితం లేదని ఏ పిల్లనూ తిప్పి పంపకూడదు. మూడు నెలలకోసం ఎందుకని అనొద్దు. వచ్చే ఏడు అదే పిల్ల మళ్లీ వస్తుంది. ఆమెకు తెలుగు రాకపోతే పక్కనున్న కోయ పిల్లాడు రెండు రోజుల్లో నేర్పిస్తాడు, మీకూ నేర్పిస్తాడు.

సర్పంచులారా, రేషన్ డీలర్లారా, ఛత్తీస్‌గఢ్ కార్డు ఇక్కడ చెల్లదని అబద్ధమాడకండి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2022 నాటికే దేశమంతటా వచ్చింది. వేలిముద్ర పడితే బియ్యం ఇవ్వాల్సిందే. మహిళా సంఘాల అక్కలారా, మీ నెలవారీ మీటింగుకు ఒక్కసారి ఆ గట్టు మీది ఆడవాళ్లను పిలవండి. అటు వైపు పోయిన అన్న ఎక్కడున్నాడో, ఇటు వచ్చిన చెల్లి ఏ ఊళ్లో ఏరుతోందో పోలీసుకు చెప్పనిది మీకు చెబుతారు. ఆ మాట మీ సంఘం పుస్తకంలో రాయకండి. నోట పట్టుకుని, పక్క మండలం సంఘంలోని మీ వదినకు చేరవేయండి. తిరుమలాయపాలెంలో ఏరే అక్కకూ కుసుమంచిలో ఏరే చెల్లికీ మధ్య ఉన్నది రెండు బస్సుల దూరమే కావచ్చు.

యువకులారా, లొంగిపోయి వచ్చినవాడు మీ టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుంటే లేచిపోకండి. సెల్‌ఫోన్ తీసి ఫొటో కొట్టకండి. అతను ఎంతమందిని చంపాడో మీరు అడగొద్దు, అది కోర్టు పని. తినడానికి ఏముందో అడగండి. ఛత్తీస్‌గఢ్ పోలీసుల డీఆర్‌జీ బలగం నుంచి సెలవు మీద అక్కను చూడటానికి వచ్చిన పిల్లాడికీ అదే మర్యాద. ఇద్దరిలో ఒకర్నే మనవాడంటే, ఇంకొకర్ని మళ్లీ అడవిలోకి తోసినవాళ్లం మనమే అవుతాం.

మొదటి కోత జనవరిలో. ముఠాలు దిగకముందే, డిసెంబరు గ్రామసభలో మొదటి అంశంగా ఇది పెట్టండి: మన పంచాయతీ చేలకు వచ్చే పిల్లల్లో ఎంతమంది బడిలో ఉంటారు, ఎవరు బాధ్యత తీసుకుంటారు, పేరు పేరునా. బాధ్యత తీసుకున్నవాళ్ల పేర్లు మాత్రం పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. మిరప ఏరేవాళ్ల పేర్లు వద్దు, మన పేర్లు.